కాపురము కదలినగాని యూరు మారినట్లు కాదు

(పఠనమందిర సభలో నొసగిన యుపన్యాసము)



ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలన్నారు. ఆ రెంటికిని నేటి కాలమున మఱియొకటి చేర్పవలసియున్నది. కాపురమును ఒక యూరినుండి వేఱొక యూరికి మార్చి చూడుము! ఇల్లు కట్టువానికి ధనము ఖర్చగును. పెండ్లి చేయువానికి దేహము నలగును. కాపురము మార్చువానికి ఈ రెండును దప్పవు. అంతియగాక బిడ్డల చదువు, ఇల్లాలి యిరుగుపొరుగు, ముసలివారి వైద్యుడు, కిరాణాకొట్టులోని నమ్మకము, ఇవన్నియు నొక్కనాటితో తెగిపోవును.

అయినను ఈ విషయమును గూర్చి మనము సభలు చేయుట లేదు. సముద్రము దాటిపోవువానిని గూర్చి ఊరంతయు చెప్పుకొనును. స్వదేశముననే విజయవాడనుండి పూనాకును, వరంగల్లునుండి బెంగుళూరునకును, శ్రీకాకుళమునుండి హైదరాబాదునకును సామానులారీ వెంట బయలుదేరు సంసారమును గూర్చి విచారించువారు లేరు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలను బట్టి పూర్వమున్న చోటు విడిచి మఱియొకచోట నివసించుచున్నవారు ఈ దేశమున సుమారు 45 కోట్ల మంది. వారిలో నధికసంఖ్యాకులు స్త్రీలు, కారణము వివాహము. అనగా ఊరు మారుట యెట్టిదో మన స్త్రీలెఱిగినంతగా పురుషులెఱుగరు. కాని కాపురము మార్చు నిర్ణయము జరుగునపుడు మొదట వారి నడుగు గృహస్థు లెందఱు?

నేనీనాడు మీ యెదుట నుంచదలచినది ఒక్క విషయము. ఉద్యోగి కదలినంత మాత్రమున కుటుంబము కదలినట్లు కాదు. ఉద్యోగి యొకచోటను, ఆలుబిడ్డలొకచోటను నిలిచినచో ఊరు మారినది లేదు. ఒక కాపురము రెండైనది. రెండిండ్ల అద్దెలు, రెండు పొయ్యిలు, వారము వారము రైలుఛార్జీలు, ఆదివారమునాడు చుట్టమువలె వచ్చిపోవు తండ్రి! ఇట్టి చీలిక కలుగకుండుటకు గృహస్థుడును, ప్రభుత్వమును, చేరబోవు నగరమును ముగ్గురును బాధ్యులు.

ఈ మాటకు దూరదేశపు నిదర్శనము లక్కఱలేదు. తెలుగువారి రాజధానుల చరిత్రయే చాలును. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు మద్రాసులో స్థిరపడియున్న ఉద్యోగులు కర్నూలునకు తరలవలసివచ్చెను. అచట గుడారములలో కచ్చేరీలు నడచినవి. 1954లో హైకోర్టు గుంటూరులో వెలసెను. దానివెంట న్యాయవాదులును, గుమాస్తాలును అచటికి చేరిరి. మూడేండ్ల యొక నెల గడచెనో లేదో, 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ మవతరించి రాజధాని హైదరాబాదునకు మారెను. కర్నూలులో వేరూన జూచిన సంసారములు మరల మూటలు గట్టెను.

2014 జూన్ 2వ తేదీన తెలంగాణ మేర్పడిన పిదప హైదరాబాదు పదేండ్లకు మించకుండ ఉమ్మడి రాజధానిగా నుండునని చట్టము చెప్పెను. అయినను 2016లోనే వెలగపూడిలో తాత్కాలిక సచివాలయము వెలసి, వేలకొలది ఉద్యోగులు హైదరాబాదునుండి కృష్ణాతీరమునకు రావలసినవారైరి. వారిలో ననేకుల కాపురములు హైదరాబాదుననే నిలిచినవి. వారమున కైదుదినముల పని యేర్పాటయ్యెను; శుక్రవారపు సాయంకాలము సుమారు 275 కిలోమీటర్ల దూరమున నున్న ఇంటికి పోవుట, సోమవారమునకు తిరిగివచ్చుట ఏండ్లతరబడి సాగినది.

వారిని నిందించుట న్యాయము కాదు. హైదరాబాదులో బిడ్డలు చదువుచుండిరి. భార్యకో భర్తకో అచటనే ఉద్యోగముండెను. అప్పుచేసి కట్టుకొన్న ఇల్లుండెను. కచ్చేరి భవనము ముందు లేచినది. వారికై మొదలిడిన నివాసభవనములు ఏండ్లపాటు అసంపూర్ణముగా నిలిచిపోయినవి. కుర్చీకి చోటు దొరకినది గాని పొయ్యికి చోటు దొరకలేదు. బల్లలను, కాగితపు కట్టలను మోయించుట యొక్క వారములో జరుగును. బడియు, ఆసుపత్రియు, అద్దెయిల్లును లేనిచో సంసారము మాత్రము రాదు.

అందొక్క కార్యము మెచ్చదగియున్నది. మన రెండు రాష్ట్రములలో విద్యార్థి స్థానికత వాడు చదివిన చోటునుబట్టియు, చదివిన యేండ్లనుబట్టియు నిర్ణయింపబడును. హైదరాబాదులో చదివిన బిడ్డ ఆంధ్రప్రదేశమునకు వచ్చి పరాయివాడగునేమో యను భయము తల్లిదండ్రుల కాళ్లకు సంకెల యయ్యెను. 2016లో రాష్ట్రపతి యుత్తర్వు సవరింపబడి, 2014 జూన్ 2 మొదలు మూడేండ్లలోపల తరలివచ్చువారికి స్థానికత యొసగబడినది. పిమ్మట ఆ గడువు పొడిగింపబడినది. బిడ్డ భవిష్యత్తునకు అభయమిచ్చినపుడే తండ్రి సామాను సర్దును.

ఇక సామాన్య గృహస్థుని సంగతి విచారింతము. మన రాజ్యాంగపు 19వ అధికరణము భారతపౌరునకు దేశమందంతటను సంచరించుటకును, ఏ భాగముననైనను నివసించి స్థిరపడుటకును హక్కొసగినది. ఈ హక్కు గొప్పదే. కాని అది బడి వాకిటను, రేషను దుకాణము ముందఱను, ఇంటియజమాని గడప కడను చెల్లినపుడే ఫలించును.

బడి విషయమున చట్టము మనకు తోడున్నది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టములోని 5వ సెక్షను ప్రకారము, ఎనిమిదవ తరగతి లోపు చదువుచున్న బిడ్డ మఱియొక ప్రభుత్వ లేక ఎయిడెడు పాఠశాలకు మారగోరినచో పాతబడి ప్రధానోపాధ్యాయుడు వెంటనే బదిలీపత్ర మీయవలెను. ఆ పత్రము రాక యాలస్యమైనదను కారణముతో క్రొత్తబడివారు బిడ్డను చేర్చుకొనుట జాగుచేయరాదు, నిరాకరింపరాదు. ఈ సంగతి యెఱుగక నెలలకొలది బిడ్డల నింట గూర్చుండబెట్టు కూలివారు, మేస్త్రీలు ప్రతినగరమునను గలరు. తెలిసిన మనము వారికి చెప్పలేదు.

భాషవిషయము గూడ ముందే యాలోచింపవలెను. బడులలో తమిళమునకై తమిళనాట 2006లోను, కన్నడమునకై కర్ణాటకమున 2015లోను, తెలుగునకై తెలంగాణమున 2018లోను చట్టములు చేయబడినవి. ఏ నాటికి పోవుదుమో ఆ నాటి భాష బిడ్డకు పాఠముగా వచ్చునని యెఱిగి, ప్రయాణమునకు మూడునెలల ముందే అక్షరములు దిద్దించుట మేలు. అచటి భాష నేర్చుట మన భాషకు ద్రోహము కాదు. షోలాపురములోని తెలుగు పద్మశాలీలను చూడుడు. తరతరములుగా మరాఠీ నాట మగ్గములు నడిపి, ఆ భాష నేర్చి, ఇంట తెలుగు విడువక యున్నారు. ఖడ్గపురపు రైల్వేబస్తీలలోని తెలుగువారును అట్టివారే. బొంబాయిలో కామాఠీపుర మను పేరే ఇల్లు కట్టుటకు పోయిన మన కామాఠీలవలన వచ్చినది. మాతృభాషలో ప్రాథమికవిద్య గఱపుటకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని, 1956లో చేర్చబడిన 350-ఏ అధికరణము ప్రతిరాష్ట్రమును ఆదేశించుచున్నది. అడుగువారుండినగదా అది కదలునది!

రేషను కార్డు కొఱకై ఆలుబిడ్డలను స్వగ్రామమున విడిచిపోవు ఆచారము మొన్నటివరకు నుండెను. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ తెలంగాణములు ఒక జతగాను, మహారాష్ట్ర గుజరాతులు ఒక జతగాను ఒకే కార్డుతో ఇరుచోట్లను ధాన్యము పొందు పద్ధతి యారంభమైనది. 2022 నాటికి అది దేశమంతటికి వ్యాపించినది. జాతీయ ఆహారభద్రతా చట్టము క్రింది కార్డు గలవారు ఏ రాష్ట్రమున నున్నను తమ భాగము తీసికొనవచ్చును. ఊరనున్నవారు మిగిలినది అచట తీసికొనవచ్చును. రాష్ట్రములు వేఱుగా నిచ్చు సరకులకు మాత్ర మీ సౌకర్యము లేదు.

ఓటు సంగతి మఱింత ముఖ్యమైనది. 1950వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము, సొంతయిల్లున్నంత మాత్రమున అచట ఓటు కలుగదు, సాధారణముగా నివసించుచోటనే పేరుండవలెను, రెండుచోట్ల నుండరాదు. నివాసము మారినవారు ఎనిమిదవ నంబరు దరఖాస్తు పెట్టుకొన్నచో పేరు క్రొత్తచోటికి మారును. అయినను పండుగకు పోయినట్లు ఓటునకు స్వగ్రామమునకు పోవు నగరవాసు లెందఱో గలరు. పుట్టినయూరిపై మమత మంచిదే. కాని నీ వీథి మురుగుకాలువ, నీ బిడ్డ బడి, నీ త్రాగునీరు ఏ పురపాలకసంఘము చేతిలో నున్నవో దానిని ఎన్నుకొనుటలో నీకు మాట లేకపోయినచో, నీవా యూరిలో బాటసారివి మాత్రమే.

గృహస్థుడు చేయవలసినది ఏమి? మొదట, ఇంటివారందఱను గూర్చుండబెట్టి యాలోచింపవలెను. రెండవది, ఉద్యోగపు తేదీనిబట్టి గాక విద్యాసంవత్సరమునుబట్టి ప్రయాణము నిర్ణయింపవలెను. మన నాట బడులు జూన్ నెలలో తెఱచుదురు. ఢిల్లీ మొదలగు ఉత్తరపు నగరములలో ఏప్రిలులోనే తరగతులు మొదలగును. ఈ రెండునెలల తేడా నెఱుగనివాని బిడ్డ చేరునాటికే వెనుకబడును. మూడవది, అద్దెయింటి బయానాకు వలసినంత రొక్కము ప్రత్యేకించి యుంచుకొనవలెను. బెంగుళూరులో పదినెలల అద్దెను ముందుగా గోరు ఆచార ముండెను. 2021లో కేంద్రప్రభుత్వ మామోదించిన నమూనా అద్దెచట్టము నివాసగృహములకు రెండునెలల అద్దెకు మించి గోరరాదని చెప్పినది; కాని రాష్ట్రములు స్వీకరించిననే గాని అది చెల్లదు.

కొందఱు చెప్పుదురు: కుటుంబమును కదలించుటయేల? మగవాడు మెస్సులో తిని, గదిలో పడుకొని, డబ్బు మిగిల్చి యింటికి పంపరాదా? పదవతరగతి పరీక్షకు కూర్చుండు బిడ్డ యున్నప్పుడు, మంచమున బడిన తల్లి యున్నప్పుడు, ఆఱునెలలు వేచియుండుట వివేకమే. కాని ఆ ఆఱునెలలకు ఒక తేదీ యుండవలెను. తేదీ లేని నిరీక్షణము ఏడాదియై, ఏడాది పదేండ్లగును. నారుమడినుండి పెఱికిన నారును రైతు గట్టున నెన్నాళ్లుంచును? పెఱుకుటకు ముందే నాటు మడిలో దుక్కి, దమ్ము, నీరు సిద్ధపఱచును. పెఱికిన పిదప జాగుసేయడు. ఆ రైతునకున్న ముందుచూపు విద్యావంతులమైన మనకుండవలదా?

తుదకు, చేరబోవు నగరపు బాధ్యత. ఇల్లు అద్దెకడుగ వచ్చినవాని కులమేమి, తిండియేమి, ఏ జిల్లావాడవని విచారించి తలుపు వేయు యజమానులు మన పట్టణములలోను గలరు. మన బిడ్డలను బొంబాయి, బెంగుళూరులలో నట్లు ప్రశ్నించినపుడు మనకు కోపము వచ్చును. మా యూరికి మీ యూరెంతదూరమో, మీ యూరికి మా యూరును అంతేదూరము. విశాఖపట్టణమునకు వచ్చిన ఒడియావానికి, హైదరాబాదునకు వచ్చిన బీహారువానికి మనము చూపు మర్యాదయే దూరనగరములలో మనవారికై మనము కోరదగిన మర్యాద. దేశ మొకటియని పటములో గీయుట సులభము. క్రొత్తగా వచ్చినవాని ఇల్లాలికి నీళ్లవేళయు, మంచివైద్యుని పేరును, బడి త్రోవయు చెప్పిన పొరుగింటి తల్లివలననే ఆ పటము నిజమగును.

పఠనమందిరములకు నాదొక మనవి. ప్రతిసంవత్సరము మే, జూన్ నెలలలో మన పట్టణమునకు క్రొత్తకుటుంబములు వచ్చును. ఆ రెండునెలలు సాయంకాలపు వేళ ఒక బల్లయు, ఒక మనిషియు నుంచుడు. బదిలీపత్రమును గూర్చిన చట్టము, రేషను దుకాణముల చిరునామాలు, ఓటు మార్పు దరఖాస్తు, దగ్గఱి ప్రభుత్వపు బడులు, ఆసుపత్రులు, ఇవి యొక పెద్దకాగితముమీద వ్రాసి గోడకు అంటింపుడు. పరభాషవాడు వచ్చినచో వాని భాషలో నొక్క పత్రికయైనను తెప్పింపుడు. దీనికి నిధులక్కఱలేదు, దినమున కొక గంట చాలును. జూన్ నెల వచ్చుటకు ముందే ఈ పని మొదలుపెట్టుదురని నమ్మి, మీయొద్ద సెలవు గైకొనుచున్నాను.