డయాలసిస్ రోగులకు హెపటైటిస్ సి పరీక్ష

డయాలసిస్ కేంద్రంలో సిబ్బంది చేతి తొడుగులు మార్చకపోయినా, ఒకరికి వాడిన మందు సీసానే మరొకరికి వాడినా హెపటైటిస్ సి వైరస్ సోకవచ్చు. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించకుండానే అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దీనికి టీకా లేదు. అందుకే డయాలసిస్ మొదలుపెట్టేటప్పుడు, కేంద్రం మారినప్పుడు, ఆపైన 6 నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకోవాలి.

కొత్తగా సోకిన వైరస్ యాంటీబాడీ పరీక్షలో కొన్ని వారాలదాకా దొరక్కపోవచ్చు. ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో ముందే బయటపడుతుంది. ఉందని తేలినా బెంగ వద్దు. సాధారణంగా 12 వారాలు మాత్రలు వాడితే నూటికి 95 మందికి నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. నయమైనవారికీ మళ్లీ సోకవచ్చు కాబట్టి పరీక్షలు మానకండి. మీకు చివరిసారి ఎప్పుడు చేశారో ఈ వారమే డయాలసిస్ సిబ్బందిని అడగండి.