పాత తుపాకీకి కొత్త మెరుగు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బళ్లో పాతవస్తువుల గది పెడుతున్నామని, ఇళ్లల్లో ఉన్నవి తెచ్చివ్వమని కార్యదర్శిగారు ఇందాక అడిగారు. నా ఉద్యోగమంతా అలాంటి వస్తువులను కాపాడే పనిలోనే గడిచింది కాబట్టి ఒక్క విషయం చెప్పి కూర్చుంటాను. అది పాత తుపాకుల సంగతి.

ఆత్మకూరులో ఇది మాట్లాడడానికి కారణముంది. మనది కర్నూలు నవాబులు ఏలిన సీమ. 1839లో కుంపిణీవాళ్లు కర్నూలు కోట సోదా చేస్తే నవాబు గులాం రసూల్ ఖాన్ కూడబెట్టిన ఆయుధాలు బయటపడ్డాయి, ఆయన రాజ్యం పోయింది. పైగా మన వెనకనే నల్లమల, చేలకు అడవిపందుల బెడద. పాత ఇంటి అటక మీద ఒక తుపాకీ కనబడితే వింతేమీ కాదు.

పదిమందికీ చూపాలనుకోగానే దాన్ని తళతళలాడించాలనిపిస్తుంది. ఆయుధపూజకు ఇత్తడిని చింతపండుతో తోమి, ఇనుమును ఇటుకపొడితో రుద్దడం మనకు అలవాటే. ఇప్పుడైతే బఫింగు పట్టించి, నికెల్ పూత వేయించి, కట్టెకు వార్నిష్ కొట్టిస్తున్నారు. సేకరించేవాళ్ల దృష్టిలో దాని విలువ పడిపోయేది సరిగ్గా అక్కడే.

పాత గొట్టం మీది గోధుమరంగు మురికి కాదండీ. చాలా తుపాకులకు అది చేసినవాడే పెట్టిన రంగు. మందు పూసి సన్నగా తుప్పు పట్టించి, గీకి, మళ్లీ పట్టించి, చివర నూనె రాసి తెచ్చేవాడు. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి సాగగొట్టిన గొట్టాలకు ఆ రంగులోనే అలల్లాంటి గీతలు తేలతాయి. బఫింగు చక్రం ఆనిందంటే గీతలు కనపడవు, అంచులు గుండ్రమవుతాయి, చేసినవాడి ముద్రలు, అంకెలు అరిగిపోతాయి. కట్టెను ఉప్పుకాగితంతో రుద్దితే అది పక్కనున్న ఇనుము కన్నా కిందికి దిగుతుంది. తెలిసినవాళ్లు వేలు ఆనించి పట్టేస్తారు. ఒక ఇంట్లో గొట్టం మీద పార్సీ అక్షరాలుండేవట. నేను చూసే నాటికి అద్దంలా నా ముఖమే కనిపించింది. ఆ తుపాకీ ఎవరిదో ఇక ఎవరూ చెప్పలేరు.

2019లో ఇంగ్లండులో ఒక ఇంటి అటక మీద టిప్పు సుల్తాను ఆయుధశాల నాటి చెకుముకి తుపాకీ దొరికింది. యుద్ధంలో దెబ్బతిన్న గుర్తులు దానిమీద అలాగే ఉన్నాయి. వేలంలో 60 వేల పౌండ్లు పలికింది. ఆ దెబ్బలు పూడ్చి మెరుగు పెట్టి ఉంటే అది టిప్పు చివరి యుద్ధం దాకా వెళ్లి ఉండొచ్చన్న మాటకు ఆధారమేముంటుంది?

అట్లని తుప్పు తిననివ్వమని కాదు. పొడిపొడిగా రాలే ఎర్రతుప్పును ఆపాల్సిందే. మెత్తని గుడ్డతో పలచగా నూనె రాస్తే చాలావరకు ఆగుతుంది. తుప్పు ఆపడం వేరు, మెరుగు పెట్టడం వేరు. ఇదివరకే రంగంతా పోయి, గుర్తులేవీ మిగలని మామూలు తుపాకీకైతే కొత్త పూత వల్ల పెద్దగా పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. పూతకయ్యే ఖర్చే దండగ.

చట్టం సంగతి కూడా చెప్పాలి. పేలే తుపాకీకే కాదు, బాగుచేస్తే పేలగలిగేదానికి కూడా 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు ఉండాలి. బాగుచేసేవాడికీ ఉండాలి. వందేళ్లు దాటినదాన్ని 1972 పురావస్తు చట్టం ప్రకారం సొంతంగా దేశం దాటించి అమ్ముకోలేం. కాబట్టి లండన్ ధరలు విని మనమిక్కడ లెక్కలు వేసుకోనక్కర్లేదు.

దయచేసి తుపాకులు మాత్రం బడికి తేవద్దు, పిల్లలు తిరిగే చోటు. మందు కూరి మరిచిపోయినవి కూడా ఉంటాయి, నిప్పు దగ్గర పెట్టకండి. రుద్దకుండా, తోమకుండా ఉన్నదున్నట్టు ఫొటోలు తీయండి. ముద్రలు, అక్షరాలు, ఒరిసిన చోట్లు దగ్గరగా పడాలి. ఎవరి చేతి నుంచి మీ ఇంటికి వచ్చిందో జేజిని అడిగి ఒక కాగితం మీద రాసి జతచేయండి. గదిలో ఆ ఫొటో, ఆ కాగితమే పెడదాం.