పరిగె హక్కు - బోయజు దయ



బీదలను ఆదుకొనుట ప్రభుత్వం పనియా, సంఘం పనియా అని మనలో తరచు వాదన వచ్చుచున్నది. పన్నులు కట్టుచున్నాము గనుక మన బాధ్యత తీరినదని కొందరు, ప్రభుత్వంతో పనిలేదు, మన కానుకలే చాలునని కొందరు అందురు.

రూతు చరిత్రను జ్ఞాపకం చేసికొందము. కోతవేళ పరిగెను బీదలకు, పరదేశులకు విడువవలెనని ధర్మశాస్త్రము విధించెను. అది హక్కు. ఆమెను ఎవరును అవమానపరచకుండ చూచి, అడిగినదానికంటె ఎక్కువ దొరకునట్లు చేసినది బోయజు దయ. ఆమెకు రెండును కావలసివచ్చెను.

మన తెలుగునాట కూడ ఇట్టి దృష్టాంతము గలదు. 1876-78 నాటి కరవులో ప్రభుత్వము బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండగా, ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు అందులో కొంతభాగం కంట్రాక్టుకు తీసికొనిరి. సొమ్ము ప్రభుత్వానిది. పని చూచినవారు ఆయన బోధకులు. అన్నం కొరకు మతంలో చేరిరన్న మాట రాకుండ, ఆ కాలమున బాప్తిస్మములు నిలిపివేసిరి. తరువాతనే, 1878 జూలై 3న, ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఇక మన మణికొండ సంగతి. ఈ మేడలు కట్టుచున్నవారిలో పాలమూరు, ఒడిశా, బీహారుల నుండి వచ్చిన కూలీలు అనేకులు. 2020 లాక్‌డౌన్‌లో వలసకూలీలు కాలినడకన ఇండ్లకు సాగిపోవుట చూచితిమి. పొట్లాములు పంచితిమి, అవి ఆ పూటకు సరిపోయెను. అయితే చట్టం ప్రకారం నిర్మాణవ్యయంలో 1 శాతం సెస్సుగా వసూలై వీరి సంక్షేమ నిధికి చేరుచున్నది. ఏడాదిలో 90 దినములు పనిచేసినవారు పేరు నమోదు చేసికొనవచ్చును. స్వరాష్ట్రపు రేషన్ కార్డుపై ఇచ్చటనే బియ్యం తీసికొనవచ్చును. ఇది తెలియనివారు, తెలిసినను ఒకదినపు కూలి పోగొట్టుకొని కార్యాలయాల చుట్టు తిరుగలేనివారు ఎందరో!

కావున ఆదివారం ఆరాధన అనంతరం, కంప్యూటరు పనిలోనున్న మన యౌవనస్థులు ఒక బల్లవేసి వారి దరఖాస్తులు నింపిపెట్టవలెనని కోరుచున్నాము. డీలరు త్రిప్పిపంపినచో మనమే వెంట వెళ్లుదము. చట్టమునకు అందని అక్కరలకు, అనగా రాత్రివేళ జబ్బుపడిన బిడ్డకు, ఊరికి చేర్చవలసిన మృతదేహానికి, మన కానుకల సంచి విప్పుదము. మన గుడికి రమ్మని మాత్రము ఎవరికిని షరతు పెట్టవద్దు. మన ఇండ్లు కట్టినవారికి కూలి పూర్తిగా ముట్టినదా యని ముందుగా మనమే విచారించుకొందము. హక్కుగా రావలసినదానిని ధర్మముగా ఇచ్చి కీర్తి పొందుట మనకు తగదు.