దేవతలకు చోటు



దేవతాప్రతిమ కొఱకు చెట్టును నరుకబోవువాడు ముందుగా ఏమి చేయవలెనో వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పియున్నాడు. ఆ వృక్షమును పూజించి, బలి సమర్పించి, అందు నివసించు భూతములను వేరొకచోట నివాసమేర్పరచుకొమ్మనియు, తన్ను క్షమింపుమనియు వేడుకొనవలెనట. క్రీ.శ. 6వ శతాబ్దము నాటి విధి యిది. దైవకార్యమునకే ఇంత వినయము కావలసియుండగా, మన అవసరములకు నరుకునప్పుడు ఇంకెంత కావలెనో ఆలోచింపుడు.

ఒక పల్లెలో మేము కొంత విని, కొంత కన్న సంగతి చెప్పెదము. బాట వెడల్పు చేయుటకై ఊరిచివరి వేపచెట్టును కొట్టవలసివచ్చినది. దాని మొదట అమ్మవారి రాయి గలదు. అది ఆషాఢమాసము, నేలంతయు పండ్లు రాలియున్నవి. ముందునాటి సాయంకాలము ఒక ముసలమ్మ మనుమరాలితో వచ్చి, చెట్టుమొదలుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, పెరుగన్నము నివేదించి, "ఈ చెట్టునున్న అమ్మల్లారా! ఇంకోచోటికి పొండి. మా మీద కోపం పెట్టుకోకండి" అని మ్రొక్కినది. ఆమె శాస్త్రము చదివినది కాదు.

"ఇంకోచోటంటే ఎక్కడికి నాయనమ్మా? దారిపొడుగునా చెట్లన్నీ కొట్టేస్తున్నారు గదా!" అని పిల్ల అడిగినది.

ముసలమ్మ కొంతసేపు మాటాడలేదు. పిమ్మట కొంగు పరచి, "పండ్లు ఏరు తల్లీ" అన్నది.

వేపగింజ ఎక్కువకాలము నిలువ యుండదు; కొన్ని వారములలోనే మొలకెత్తు శక్తిని కోల్పోవును. అందుచేత మరునాడే ఇద్దరును గుజ్జు కడిగి, చెరువు దాపున గింజలు నాటిరి. ఊరివారు అమ్మవారి రాతిని అచ్చటికే చేర్చి తాటాకు పందిరి వేసిరి. పిల్ల మొలకలకు చెంబుతో నీళ్ళు పోయుచు, "ఇల్లు ఇంకా చిన్నదే, కాస్త ఓపిక పట్టండి" అని దేవతలతో చెప్పుట మేము స్వయముగ వింటిమి.

శ్రీశైలం జలాశయమున మునుగకుండ కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాళ్ళు విప్పి, అలంపురమున మరల నిలిపిరి. రాతిగుడిని అట్లు తరలింపవచ్చును. నూరేండ్ల నీడను విప్పి మఱొకచోట కట్టలేము. అది ఒకరు నాటగా, మఱొకరు కాపాడగా పెరుగవలసినదే. ఆ నీడలో తాను కూర్చుండనని ముసలమ్మ యెఱుగును.

'వేరొకచోటికి పొండు' అని మ్రొక్కుట సులభము. ఆ చోటును సిద్ధముచేయుట మన ధర్మము. దేవతలను పొమ్మనుటకు ముందే, పెరటిలోనో, గుడి ఆవరణలోనో, చెరువు దాపుననో ఒక గుంట త్రవ్వుదము.

స్వస్తి.