కోఆర్డినేటర్‌గా హీరో, హెడ్ కోచ్‌గా జీరో: ఎందుకిలా?

ఇవాళ మన టాపిక్ అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్. ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్లినవాళ్లకి దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. శనివారం మ్యాచ్ ఉందంటే క్యాంపస్ అంతా ఒకే రంగు టీషర్టులు, పార్కింగ్ దొరకదు, లైబ్రరీ ఖాళీ. ఇక్కడున్నవాళ్లకి మాత్రం ముందు రెండు ముక్కల్లో ఆట చెప్పేస్తాను. అది తెలిస్తేనే అసలు ప్రశ్న అర్థమవుతుంది.

ఈ ఆటలో బంతి మన దగ్గరున్నప్పుడు దిగే 11 మంది వేరు, ఎదుటివాళ్ల దగ్గరున్నప్పుడు దిగే 11 మంది వేరు. మొదటిది అఫెన్స్, రెండోది డిఫెన్స్. ఒక్కోదానికి ఒక్కో బాస్ ఉంటాడు. అతనే కోఆర్డినేటర్. మన క్రికెట్‌లో బ్యాటింగ్ కోచ్, బౌలింగ్ కోచ్ లాంటివాడు అనుకోండి. కాకపోతే పవర్ చాలా ఎక్కువ. క్రికెట్‌లో గ్రౌండ్‌లోకి దిగాక కెప్టెన్ చూసుకుంటాడు. ఇక్కడ దాదాపు ప్రతి ఆటకీ ముందు ఎవరు ఎటు పరిగెత్తాలి, బంతి ఎవరికి వెళ్లాలి అనేది కోఆర్డినేటరే బయట నుంచి చెబుతాడు. ఒక ప్లే అయిపోయాక తర్వాతది మొదలుపెట్టడానికి ఉండేది 40 సెకన్లు. అందులోనే ఆలోచించాలి, చెప్పాలి.

అంటే కోఆర్డినేటర్ అనేవాడు బుర్రకి పదును ఉన్నవాడు. ఇద్దరు కోఆర్డినేటర్ల పైన హెడ్ కోచ్. మరి గొప్ప కోఆర్డినేటర్‌ని తీసుకొచ్చి హెడ్ కోచ్‌ని చేస్తే సరిపోతుంది కదా? యూనివర్సిటీలు ఏళ్ల తరబడి చేస్తున్నది అదే. కొన్నిసార్లు అద్భుతంగా పనిచేస్తుంది, కొన్నిసార్లు బొక్కబోర్లా పడుతుంది. ఎందుకో చూద్దాం.

ముందు చార్లీ వైస్. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌కి అఫెన్స్ కోఆర్డినేటర్‌గా ఉండి మూడు సూపర్ బౌల్స్ గెలిచాడు. 2005లో నోటర్ డేమ్ హెడ్ కోచ్ అయ్యాడు. మొదటి రెండేళ్లు బ్రహ్మాండం. మూడో ఏడాది 3 గెలుపులు, 9 ఓటములు. ఐదేళ్లకి లెక్క చూస్తే 35 గెలుపులు, 27 ఓటములు. తీసేశారు. తర్వాత కాన్సస్ యూనివర్సిటీలో ఇంకో ఛాన్స్ వచ్చింది. అక్కడ 6 గెలుపులు, 22 ఓటములు. మనిషి తెలివి ఎక్కడికీ పోలేదు. పోయింది వేరే ఏదో.

ఆ వేరే ఏదో ఏంటో తెలియాలంటే ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడాలి. విల్ మస్‌చాంప్, కర్బీ స్మార్ట్. ఇద్దరూ జార్జియా యూనివర్సిటీకి ఆడినవాళ్లే. ఇద్దరిదీ డిఫెన్సే. 2000లో వాల్డోస్టా స్టేట్ అనే చిన్న కాలేజీలో మస్‌చాంప్ డిఫెన్స్ కోఆర్డినేటర్ అయితే, స్మార్ట్ అతని కింద పనిచేశాడు. తర్వాత ఇద్దరూ నిక్ సేబన్ దగ్గర పనిచేశారు. సేబన్ అంటే ఏడు నేషనల్ టైటిల్స్ గెలిచిన హెడ్ కోచ్. ఎల్‌ఎస్‌యూ 2003 సీజన్ టైటిల్ గెలిచినప్పుడు డిఫెన్స్ నడిపింది మస్‌చాంప్. అలబామాలో 2008 నుంచి 2015 వరకు నడిపింది స్మార్ట్. గురువు ఒక్కడే, విద్య ఒక్కటే.

2011లో మస్‌చాంప్ ఫ్లోరిడా హెడ్ కోచ్ అయ్యాడు. డిఫెన్స్ గట్టిగానే ఉంది. అఫెన్సే కుదురుకోలేదు. నాలుగేళ్లలో ముగ్గురు అఫెన్స్ కోఆర్డినేటర్లు మారారు. అందులో మొదటివాడు ఎవరో తెలుసా? ఇందాక చెప్పుకున్న చార్లీ వైసే. 2013లో అయితే మరీ ఘోరం. గాయాలు కూడా దెబ్బకొట్టాయి, అది ఒప్పుకోవాలి. కానీ ఆ ఏడాది కింది డివిజన్ జట్టు జార్జియా సదర్న్, ఫ్లోరిడా సొంత గ్రౌండ్‌కి వచ్చి 26-20తో గెలిచి వెళ్లింది. ఆ మ్యాచ్‌లో జార్జియా సదర్న్ ఒక్క పాస్ కూడా పూర్తి చెయ్యలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా! బంతి పట్టుకుని పరిగెత్తే గెలిచేసింది. 2014లో మస్‌చాంప్ ఫ్లోరిడా కథ ముగిసింది.

స్మార్ట్ 2016లో జార్జియాకి వచ్చాడు. మొదటి ఏడాది 8 గెలుపులు, 5 ఓటములు, అంతంతమాత్రమే. డిఫెన్స్ ఎలాగూ తనకి కొట్టిన పిండి. తేలాల్సింది అఫెన్స్ సంగతి. 2020లో ఎన్‌ఎఫ్‌ఎల్ నుంచి టాడ్ మంకెన్ అనే అఫెన్స్ కోచ్‌ని తెచ్చి ఆ పని అతని చేతిలో పెట్టాడు. 2021 సీజన్‌లో టైటిల్. ఫైనల్లో ఓడించింది ఎవర్ని? సొంత గురువు సేబన్‌ని. జార్జియాకి అది 41 ఏళ్ల తర్వాత వచ్చిన టైటిల్. మరుసటి ఏడాది 15 మ్యాచ్‌లకి 15 గెలిచి ఇంకొకటి. ఇంకో విశేషం ఏంటంటే, ఆ రెండు సీజన్లలో మస్‌చాంప్ అదే జార్జియాలో స్మార్ట్ కింద కోచ్‌గా ఉన్నాడు. ఒకప్పటి బాస్, ఇప్పుడు అసిస్టెంట్. అక్కడ అతని డిఫెన్స్ బుర్ర మళ్లీ బంగారంలా పనికొచ్చింది.

అంటే నా ఉద్దేశంలో తేడా ఇక్కడ ఉంది. కోఆర్డినేటర్‌ని తనకి తెలిసిన పనితో కొలుస్తారు. హెడ్ కోచ్ గెలుపోటములు తనకి తెలియని సగం మీద ఆధారపడతాయి. ఆ సగానికి ఎవర్ని తెస్తాడు, తెచ్చినవాడికి ఎంత స్వేచ్ఛ ఇస్తాడు అన్నదే అసలు పరీక్ష.

దీనికి బెస్ట్ ఉదాహరణ బాబ్ స్టూప్స్. ఫ్లోరిడాలో డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా ఉన్నప్పుడు కెంటకీ జట్టుతో ఆడేవాడు. కెంటకీ పెద్ద జట్టేం కాదు, ఫ్లోరిడా గెలిచేది. కానీ వాళ్లు బంతిని గాల్లో విసురుతూ ఆడే ఆ స్టైల్ స్టూప్స్‌కి తలనొప్పిగా ఉండేది. 1999లో ఓక్లహోమా హెడ్ కోచ్ అవ్వగానే ఏం చేశాడు? ఆ కెంటకీ అఫెన్స్ కోఆర్డినేటర్ మైక్ లీచ్‌నే తెచ్చుకున్నాడు. నన్ను ఇబ్బంది పెట్టినవాడు నా పక్కన ఉండాలి, అంతే లెక్క. లీచ్ ఒక్క ఏడాదే ఉన్నాడు, కానీ ఆ స్టైల్ నిలిచిపోయింది. 1998లో 5 గెలుపులు, 6 ఓటములతో ఉన్న ఓక్లహోమా, 2000 సీజన్‌లో 13కి 13 గెలిచి ఛాంపియన్ అయింది.

ఇప్పుడు రివర్స్ కేసు చూడండి. క్లెమ్సన్ కోచ్ డాబో స్విన్నీ. ఇతను ఎప్పుడూ కోఆర్డినేటరే కాదు. రిసీవర్ల కోచ్. మధ్యలో రెండేళ్లు కోచింగ్ పోయి రియల్ ఎస్టేట్‌లో పనిచేశాడు. 2008లో సీజన్ మధ్యలో హెడ్ కోచ్ వెళ్లిపోతే ఇతన్ని తాత్కాలికంగా కూర్చోబెట్టారు. 2012 జనవరిలో ఆరెంజ్ బౌల్‌లో వెస్ట్ వర్జీనియా చేతిలో 70-33తో చిత్తుగా ఓడిపోయాడు. ఇంకొకరైతే ప్లేయర్ల మీద తోసేసేవాళ్లు. స్విన్నీ డిఫెన్స్ కోఆర్డినేటర్‌ని మార్చి, ఓక్లహోమా నుంచి బ్రెంట్ వెనబుల్స్‌ని తెచ్చాడు. తెచ్చాక అతనికి పదేళ్లు డిఫెన్స్ అప్పజెప్పాడు. 2016, 2018 సీజన్లలో రెండు టైటిల్స్ వచ్చాయి.

ఇక్కడ మీకు డౌట్ రావచ్చు. హెడ్ కోచ్ అయ్యాక సొంత పని పూర్తిగా వదిలెయ్యాలా? అక్కర్లేదు. స్టీవ్ స్పరియర్ ఫ్లోరిడాలో హెడ్ కోచ్‌గా ఉంటూనే అఫెన్స్ ప్లేలు తనే చెప్పేవాడు. కానీ 1996 జనవరిలో ఫైనల్లో నెబ్రాస్కా చేతిలో 62-24తో ఓడాక, డిఫెన్స్‌కి కొత్త మనిషిని తెచ్చాడు. ఎవరు? ఇందాకటి బాబ్ స్టూప్సే. అదే ఏడాది సీజన్‌లో టైటిల్ కొట్టాడు. తన పని తను ఉంచుకున్నాడు, రాని పని సరైనవాడికి ఇచ్చాడు. ప్లేలు ఎవరు చెబుతారన్నది స్టైల్. చిల్లు ఎక్కడుందో చూసుకోవడం మాత్రం తప్పనిసరి.

ఇంకో విషయం. ఇద్దరు కోఆర్డినేటర్లకీ చెందని నిర్ణయాలు కొన్ని ఉంటాయి. 2016 జనవరి ఫైనల్ గుర్తు చేసుకోండి. అలబామా, క్లెమ్సన్. నాలుగో క్వార్టర్, స్కోరు 24-24. స్మార్ట్ నడుపుతున్న అలబామా డిఫెన్స్, క్లెమ్సన్ క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్‌ని ఆపలేకపోతోంది. అప్పుడు సేబన్ ఆన్‌సైడ్ కిక్ చేయించాడు. అంటే బంతిని ఎదుటివాళ్లకి దూరంగా తన్నకుండా దగ్గరగా తన్ని, మళ్లీ మనమే పట్టుకోవడం. పట్టుకోలేకపోతే ఎదుటివాళ్లకి మంచి చోట బంతి దొరికిపోతుంది. రిస్క్. ఫలించింది, వెంటనే టచ్‌డౌన్ వచ్చింది, మ్యాచ్ 45-40తో గెలిచారు. డిఫెన్స్ ఎలా ఆపాలి అని కోఆర్డినేటర్ బుర్ర పగలగొట్టుకుంటుంటే, అసలు ఎదుటివాళ్ల చేతికి బంతే వెళ్లకుండా చేద్దాం అని హెడ్ కోచ్ ఆలోచించాడు. మొత్తం బోర్డు చూడటం అంటే ఇదే.

మిగతా వారమంతా ఇంకా కష్టం. 17 ఏళ్ల కుర్రాడి ఇంటికెళ్లి వాళ్లమ్మని ఒప్పించాలి. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక ప్లేయర్లు వేరే కాలేజీకి మారడం తేలికైంది. 2021 నుంచి తమ పేరు, ఫొటోల మీద డబ్బు సంపాదించుకోవచ్చు. అంటే ఉన్నవాళ్లని కూడా ప్రతి ఏడాదీ కొత్తగా ఒప్పించుకోవాలి. వీటిలో ఏదీ ప్లేబుక్‌లో ఉండదు.

తప్పు మనిషిని పెడితే నష్టం మామూలుగా ఉండదు. 2023లో టెక్సస్ ఏ అండ్ ఎం, జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు కాంట్రాక్ట్ ప్రకారం ఇవ్వాల్సింది 7.5 కోట్ల డాలర్ల పైనే. అది పెద్దవాళ్ల సంగతి. హెడ్ కోచ్ పోతే చాలాసార్లు కింద పనిచేసే కోచ్‌లూ పెట్టే బేడా సర్దుకోవాలి. ఆ కోచ్‌ని నమ్మి చేరిన 18 ఏళ్ల పిల్లాడు ఎవరి కోసం ఆడాలో తెలియక నిలబడతాడు.

చివరిగా ఒక పేరు చెప్పకపోతే అన్యాయం. బడ్ ఫాస్టర్. వర్జీనియా టెక్‌లో ఫ్రాంక్ బీమర్ దగ్గర చేరి, 1995 నుంచి 2019 వరకు డిఫెన్స్ నడిపాడు. 2006లో దేశంలో బెస్ట్ అసిస్టెంట్ కోచ్‌కి ఇచ్చే బ్రాయిల్స్ అవార్డ్ తీసుకున్నాడు. హెడ్ కోచ్ మాత్రం ఎప్పుడూ అవ్వలేదు. ఆ ఊళ్లో ఆయన్ని ఎవరూ ఫెయిల్యూర్ అనరు.

మీలో చాలామంది రేపో మాపో టీమ్ లీడ్ అవుతారు. బాగా కోడ్ రాస్తున్నారనో, బాగా అమ్ముతున్నారనో ప్రమోషన్ ఇస్తారు. తీసుకునే ముందు ఒక్కటి అడుక్కోండి: నాకు రాని సగాన్ని నాకంటే బాగా చేసేవాడిని తెచ్చి, అతని మాట వినగలనా? వినగలిగితే ధైర్యంగా కుర్చీ ఎక్కండి. లేదంటే బడ్ ఫాస్టర్‌లా మీ పనిలో రాజుగా ఉండండి, అదీ గొప్పే.

మీ దృష్టిలో ఇలాంటి కోచ్‌లు క్రికెట్‌లో గానీ కబడ్డీలో గానీ ఎవరున్నారో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.