తక్కువ సొమ్ముతో తొలి ఎలక్ట్రిక్ గిటారు
(పింఛనుదారుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి అనుభవం ఒకటి చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నాకంటే ముందు మాట్లాడినవారు మోకాళ్ళ నొప్పుల గురించీ, లైఫ్ సర్టిఫికెట్ గురించీ ఎంతో ఉపయోగకరంగా చెప్పారు. నేను ఎలక్ట్రిక్ గిటారు కొనడం గురించి చెబుతానంటే వెనుక వరుసలో నవ్వులు వినిపించాయి. నవ్వండి, తప్పులేదు. 34 ఏళ్ళు ఖజానా కార్యాలయంలో బిల్లులు సరిచూసిన గుమాస్తాకు గిటారుతో పనేమిటని ఏడాది క్రితం నేనూ అనుకున్నాను.

మా మనవరాలు పదో తరగతి చదువుతోంది. పరీక్షలు కాగానే ఎలక్ట్రిక్ గిటారు కొనిపెట్టమని అడిగింది. నేను 2007లో రిటైరయ్యాను. 15 ఏళ్ళకు, అంటే 2022లో, కమ్యూట్ చేసిన పింఛను భాగం తిరిగి కలిసింది. ఆ పెరిగిన సొమ్ములో కొంత విడిగా దాస్తున్నాను. అందులోంచి 20,000 రూపాయలు ఇస్తానన్నాను. అంతలో మా అబ్బాయి, "వద్దు నాన్నగారూ, మన ఇంటికి గిటారు అచ్చిరాదు" అన్నాడు. ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఎందుకో మనవి చేస్తాను.

1994లో మా అబ్బాయి ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో గిటారు కావాలన్నాడు. అప్పటి నా జీతానికి అది పెద్ద కోరికే. బజారులో అన్నిటికంటే చవకైనది, మామూలు చెక్క గిటారు, 700 రూపాయలకు తెచ్చి ఇచ్చాను. వాడు రోజూ కూర్చునేవాడు. వేళ్ళ చివరలు చిట్లి రక్తం వచ్చేది. ఎంత సాధన చేసినా పాట పాటలా వినిపించేది కాదు. మూడు నెలల్లో గిటారు అక్షరాలా అటకెక్కింది. అప్పటినుంచి వాడు ఏ పని మధ్యలో ఆపినా, "గిటారు సంగతి గుర్తులేదా? నీకు పట్టుదల లేదురా" అనేవాణ్ణి. పెళ్ళయి, పిల్ల పుట్టాక కూడా అన్నాను.

సరే, కొత్తది కొనేముందు పాతది పనికొస్తుందేమో చూద్దామని అటక మీది గిటారు దింపించాను. మా వీధి చివర చర్చిలో గిటారు వాయించే మాస్టారు ఒకరున్నారు. ఆయన వచ్చి దాన్ని తిప్పి చూసి, నా జేబులోని పెన్సిలు అడిగి తీసుకున్నారు. వీణకు ఉన్నట్టే గిటారుకూ మెట్లుంటాయి. పన్నెండో మెట్టు దగ్గర తీగల కింద ఆ పెన్సిలు దూర్చారు. సులువుగా దూరిపోయింది! "ఇక్కడ రెండు మిల్లీమీటర్ల సందు ఉంటే చాలండీ. ఇంత ఎత్తుంటే వేళ్ళు తెగుతాయి" అన్నారు. ఇన్నేళ్ళు అటక మీద ఉండి వంగిపోయిందేమో అన్నాను. "మెడ వంగిన మాట నిజమే. కాని మెట్లు చూడండి. తయారీలోనే తప్పు దూరాల్లో బిగించారు. శ్రుతి చేసినా, మెట్టు మీద నొక్కగానే అపస్వరం పలుకుతుంది. కొన్న రోజున కూడా దీన్ని ఎవరూ వాయించలేరు" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. వాయిద్యం తప్పును ముప్ఫై ఏళ్ళు పిల్లవాడి ఖాతాలో రాశాను. ఆడిట్‌లో ఇలాంటి పొరపాటు దొరికితే నేనైతే ఎవర్నీ వదిలేవాణ్ణి కాదు.

అందుచేత ఈసారి పద్ధతి ప్రకారం వెళ్ళాను. ముందు వస్తువు సంగతి తెలుసుకున్నాను. ఎలక్ట్రిక్ గిటారు చెక్క దాదాపు గట్టి పలకే, లోపల బోలు ఉండదు. తీగలు ఉక్కువి. వాటి కింద అయస్కాంతాలూ, వాటి చుట్టూ సన్నని రాగి తీగ చుట్టిన పికప్‌లూ ఉంటాయి. తీగ కదిలితే ఆ చుట్టలో స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. దాన్ని ఆంప్లిఫయరు పెద్దది చేస్తుంది. ఆంప్లిఫయరు లేకపోతే వినిపించేది చిన్న సవ్వడే. కనుక గిటారు ఒక్కటే కొంటే పని పూర్తికాదు. ఇదేదో నిన్నటి వింత కూడా కాదు. అమెరికాలో రికెన్‌బాకర్ వారు 1932లోనే అమ్మారు. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా కనిపించే ఆకారాలు 1952లో గిబ్సన్ వారి లెస్ పాల్, 1954లో ఫెండర్ వారి స్ట్రాటోకాస్టర్ చూసి చేసినవే. ఆ కంపెనీలే తక్కువ ధరకు ఎపిఫోన్, స్క్వయర్ పేర్లతో అమ్ముతాయి. విద్యుత్తు కలిస్తే సంగీతం చెడుతుందనేవారికి మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారిని గుర్తుచేస్తాను. ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి 1998లో పద్మశ్రీ అందుకున్నారు.

ఇక మాస్టారిని, మా ఇంటావిడను, మనవరాలిని వెంటబెట్టుకుని విజయవాడ వెళ్ళాను. ఆఫీసు అలవాటు పోదుగా! మూడు కొటేషన్లు తీసుకుని కంపారటివ్ స్టేట్‌మెంటు వేశాను. మొదటిది 9,000 రూపాయలకు గిటారు, ఆంప్లిఫయరు, సంచీ అన్నీ కలిపి ఒకే పెట్టెలో. రెండోది గిటారు ఒక్కటే 19,500, మంచి పేరున్నది. మూడోది 12,500, సాదా నల్లది. ఆఫీసు రూలు ప్రకారం తక్కువ కొటేషనే ఖాయం చేయాలి. 1994లో నేను చేసింది సరిగ్గా అదే.

మాస్టారు మూడింటినీ ఒకే తీరున పరీక్షించారు. మీ మనవలకు ఉపయోగపడుతుందని వరుసగా చెబుతాను.

ఒకటి, మెడ. మొదటి మెట్టు దగ్గర, చివరి మెట్టు దగ్గర ఒకే తీగను నొక్కిపట్టి మధ్యలో చూడాలి. తీగకూ మెట్టుకూ నడుమ విజిటింగ్ కార్డంత సందు ఉంటే మంచిది. ఎక్కువుంటే మెడ వంగినట్టు. కొద్దిపాటి వంపును లోపలి ఇనుప కడ్డీ తిప్పి సరిచేయవచ్చు.

రెండు, మెట్ల చివరలు. మెడ అంచు వెంట అరచేయి జరిపితే గీసుకోకూడదు.

మూడు, పన్నెండో మెట్టు. అక్కడ తీగను ఊరకే తాకి మీటితే పలికే స్వరమూ, నొక్కి మీటితే పలికే స్వరమూ ఒకటే కావాలి.

నాలుగు, శ్రుతి. పది నిమిషాలు వాయించాక కూడా నిలవాలి. ఈ పరీక్ష మా ఇంటావిడ చేసింది. చిన్నప్పుడు వీణ నేర్చుకుంది. 9,000 గిటారు వింటూనే, "బిరడలు జారుతున్నాయండీ. శ్రుతి నిలవని వాయిద్యానికి రంగెందుకు?" అంది.

అయిదు, మీటలు, జాక్. ఆంప్లిఫయరుకు తగిలించి ప్రతి మీటనూ తిప్పాలి. గరగర రాకూడదు. ఒంటి చుట్ట పికప్‌లున్న గిటారులో ఇంటి కరెంటు హోరు కొంత వినిపిస్తుంది. జంట చుట్టలున్న హంబకర్ రకంలో ఆ హోరు అణగిపోతుంది. రెండూ మంచివే. ధ్వని వేరు, అంతే.

మనవరాలి మనసు మాత్రం ఎర్రటి గిటారు మీద ఉంది. దాని బ్రిడ్జి స్ప్రింగుల మీద తేలుతూ, పక్కన ఊపే మీటతో ఉంది. "ఒక తీగ శ్రుతి మారిస్తే మిగతా అయిదూ మారతాయమ్మా. తొలి గిటారుకు కదలని బ్రిడ్జి మేలు" అని మాస్టారు నచ్చజెప్పారు. పిల్ల మొహం చిన్నబోయింది. నల్లదాన్ని ఒళ్ళో పెట్టుకుని అరగంట వాయించాక, "తాతయ్యా, ఇది వేళ్ళకు నొప్పి పెట్టడం లేదు" అంది. నాకు కావలసిన మాట అదే.

19,500 గిటారు కూడా చక్కనిదే. కాని అది కొంటే ఆంప్లిఫయరుకు సొమ్ము మిగలదు. చివరికి లెక్క ఇలా తేలింది. గిటారు 12,500. పది వాట్ల ఆంప్లిఫయరు 4,800. దుకాణంలోని పనివాడి చేత తీగల ఎత్తు, మెడ సరిచేయించడానికి 800. కేబులు 450, సంచీ 600, భుజానికి పట్టీ 250, అదనపు తీగల సెట్టు 350. మొత్తం 19,750. శ్రుతి చూసే యంత్రం కొనలేదు, సెల్‌ఫోనులో ఉచితంగా దొరుకుతుంది. మిగిలిన 250తో నలుగురం కాఫీ తాగాం. ఆంప్లిఫయరుకు హెడ్‌ఫోను రంధ్రం ఉందో లేదో నేనే చూశాను. మధ్యాహ్నం కునుకు తీసే పింఛనుదారులు ఆ విషయం మరచిపోకండి! ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్తింగు సరిగా ఉండేలా ఎలక్ట్రీషియన్ చేత చూపించాం. అది భద్రతకు సంబంధించినది.

ఇంటికి వచ్చాక మా అబ్బాయిని పిలిచి పెన్సిలు సంగతి చెప్పాను. "తప్పు నీది కాదురా. ఆ గిటారుది, దాన్ని కొన్న నాది. ఇన్నేళ్ళు నిన్ను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "నాకే చేతకాలేదనుకున్నాను నాన్నగారూ" అన్నాడు. నలభై ఏడేళ్ళవాడు!

మిత్రులారా, నేను విన్నవించేది ఇంతే. తక్కువ సొమ్ము ఉన్నప్పుడు రంగుకూ పేరుకూ ఖర్చు చేయకండి. వేలికి తగిలే చోట, శ్రుతి నిలిచే చోట ఖర్చు చేయండి. వాయించడం తెలిసినవారిని వెంట తీసుకువెళ్ళండి. పిల్లలు ఏదైనా మధ్యలో మానేస్తే, వారిని అనేముందు మనం చేతికిచ్చిన వస్తువును ఒకసారి పరీక్షించండి.

ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక మనవరాలు చదువుకుంటుంటే, ఆ నల్ల గిటారు మా అబ్బాయి తీస్తున్నాడు. హెడ్‌ఫోను పెట్టుకుంటాడు కనుక ఏం వాయిస్తున్నాడో నాకు తెలియదు. అడగలేదు కూడా.