పెద్దప్రేగు, సూక్ష్మజీవులు, రాచపుండు

సూక్ష్మజీవి అను మాట చెవిని బడినంతనే మనకు రోగము జ్ఞప్తికి వచ్చును. కాని మన పెద్దప్రేగులో లక్షల కోట్ల సూక్ష్మజీవులు పసితనము నుండియు కాపురముండుచున్నవి. వీనిలో హెచ్చుభాగము మనకు కీడు చేయునవి కావు. అయితే ఈ కాపురము చెడినపుడు ఏమగును? పెద్దప్రేగున పుట్టు రాచపుండునకు, అనగా కాన్సరునకు, వీనికిని గల సంబంధమేమి? ఈ విషయమును నేడు కొంత ముచ్చటించుకొందము.

మనము తిను ధాన్యములలో, పప్పులలో, కూరలలో ఉండు పీచు చిన్నప్రేగులో జీర్ణము కాదు. అది పెద్దప్రేగును చేరిన పిదప అక్కడి బాక్టీరియా దానిని పులియబెట్టి బ్యుటిరేటు అను పదార్థమును తయారు చేయును. ప్రేగు లోపలి పొరలోని కణములకు ఇది ముఖ్యాహారము. శరీరరక్షణ కణములు హద్దు మీరకుండుటకును ఇది తోడ్పడును. పీచు కరువైనచో కొన్ని బాక్టీరియా ప్రేగుగోడను కప్పియున్న జిగురుపొరనే తినసాగునని ఎలుకలపై జరిపిన పరిశోధనలలో తేలినది. ఆ పొర పలుచబడగా సూక్ష్మజీవులు గోడను సమీపించును. శత్రువు వచ్చెనని శరీరము పోరునకు దిగును. ఆ పోరాటమే శోథ, అనగా వాపు. గాయమునకు వచ్చు వాపు కొలది దినములలో తగ్గిపోవును. ఏండ్ల తరబడి ఆరని వాపులో కణములు మాటిమాటికి నశించుచు, మరల పుట్టుచు, దారి తప్పు అవకాశము పెరుగును. ప్రేగులో దీర్ఘకాలముగా పుండ్లు గలవారికి రాచపుండు భయము అధికమగుటకు ఇదియొక ముఖ్య కారణము.

కొన్ని సూక్ష్మజీవులు నేరుగనే దెబ్బతీయగలవు. అందరి ప్రేగులలోను ఉండు కోలై బాక్టీరియాలో కొన్ని తెగలు కోలిబాక్టిన్ అను విషమును పుట్టించి, మన కణములలోని డి.ఎన్.ఏ.ను గాయపరచునని 2006లో తెలియవచ్చెను. 2012లో ప్రకటితమైన ప్రయోగమున, ప్రేగువాపు గల ఎలుకలలో ఈ విషమును చేయు జన్యువులను బాక్టీరియా నుండి తొలగింపగా, వాపు తగ్గకున్నను కంతులు తగ్గినవి. 2025లో పదకొండు దేశములకు చెందిన 981 కంతులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, డెబ్బది యేండ్లు దాటినవారి కంటె నలుబదికి లోపు వారి కంతులలో ఈ విషపు గురుతులు 3.3 రెట్లు హెచ్చుగా నుండుట గమనించిరి. ఆ దెబ్బ బాల్యముననే తగులుచుండవచ్చునని వారి అభిప్రాయము. అయినను ఈ విషమొక్కటే రోగకారణమని తేలలేదు.

మన చేతిలో ఉన్నదేమి? 2015లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి కలదు. అమెరికాలోని పిట్స్‌బర్గునందలి నీగ్రోజాతి మూలముగల అమెరికనులు అని ఒకప్పుడు పిలువబడిన ఆఫ్రికన్-అమెరికనులు ఇరువదిమంది, దక్షిణాఫ్రికా పల్లెవాసులు ఇరువదిమంది రెండు వారములు భోజనములు మార్చుకొనిరి. పీచు హెచ్చించి, క్రొవ్వు తగ్గించి తినిన అమెరికనుల ప్రేగులలో బ్యుటిరేటు పెరిగి వాపు చిహ్నములు తగ్గినవి. పల్లెవాసులలో ఇందుకు విపర్యయము కానవచ్చెను. రెండు వారములలో రాచపుండు పుట్టదు, పోదు. కాని సూక్ష్మజీవులు మన కంచమును ఎంత త్వరగా గుర్తించునో ఇందువలన తెలియుచున్నది. జొన్న, రాగి, పప్పుదినుసులు, ఆకుకూరలు మనకు క్రొత్తవి కావు. వానిని కంచము నుండి తొలగింపకున్న చాలును.

శ్రోతలు మరువరాని మాట యింకొకటి కలదు. పీచు వైద్యపరీక్షకు బదులు కాజాలదు. మలములో రక్తము కనబడినపుడు మూలశంకయే యని సరిపెట్టుకొనువారు అనేకులు. రక్తము పడుట, విరేచనపు వాడుక మారి వారములు గడచినను కుదుటపడకుండుట, కారణము లేక రక్తము క్షీణించుట, వీనిలో ఏది కనబడినను, వయస్సు చిన్నదైనను, జాగు చేయక వైద్యుని చూడవలెను. తొలిదశలో కనుగొనిన ఈ రోగము పెక్కుమందిలో నయమగుచున్నది.